బ్యాటరీ లైటు వెలిగితే బ్రేకు కూడా చూసుకోండి

ప్రశ్న: మాది కొరాపుట్ జిల్లా పొట్టంగి దగ్గర పల్లె. 2007 మోడల్ బొలెరో డీఐ, ఫోర్ బై ఫోర్ బండి ఉంది. కుందులి సంతలో అల్లం, క్యాబేజీ ఎత్తుకుని సాలూరులో దింపుతుంటాను. రెండు నెలలుగా రాత్రిళ్లు హెడ్‌లైట్లు వేస్తే డ్యాష్‌బోర్డు మీద ఎర్ర బ్యాటరీ బొమ్మ మసగ్గా వెలుగుతోంది. యాక్సిలరేటర్ తొక్కితే ఆరుతుంది, ఇంజను స్లోలోకి రాగానే మళ్లీ వస్తుంది. బ్యాటరీ పోయిందంటే కొత్తది వేయించాను. పదిహేను రోజులు బాగుంది, మళ్లీ మామూలే. ఇంకో మెకానిక్ బండి స్టార్టులో ఉండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, ఇంజను ఆగలేదు కాబట్టి డైనమో బాగానే ఉందన్నాడు. వేరే సంగతి, పొద్దున్నే బండి తీసినప్పుడు బ్రేకు రెండు మూడు తొక్కుళ్ల వరకు రాయిలా ఉంటోంది. ఇంజను ఆయిలు నెలకు అర లీటరు తగ్గుతోంది, నేల మీద చుక్క కనబడదు. తగ్గినప్పుడల్లా పోస్తున్నాను. ఇంట్లోవాళ్లు బండి అమ్మేయమంటున్నారు. ఏం చెయ్యమంటారు?

సమాధానం: బ్రేకు గురించి రాస్తూ ‘వేరే సంగతి’ అన్నారు. మీ బండిలో అది వేరే సంగతి కాదు. లైటు, పొద్దుటి బ్రేకు, తగ్గే ఆయిలు, ఈ మూడూ కలిసే చోటు ఈ ఇంజనులో ఒకటుంది. బానెట్ ఎత్తి డైనమో వెనక వైపు చూడండి. (దాన్ని ఆల్టర్నేటర్ అనాలి. సాలూరులో అడిగినా మీ కొరాపుట్ జిల్లా జైపూర్‌లో అడిగినా డైనమో అంటేనే కుర్రాడు లేచి తెచ్చిస్తాడు కాబట్టి మనమూ అలాగే అందాం.) దాని వీపుకు కొబ్బరిచిప్పంత లోహపు డబ్బా బోల్టులతో బిగించి ఉంటుంది. అదే వాక్యూమ్ పంపు. మీ కాలు బ్రేకు మీద పడినప్పుడు సాయం పట్టే బూస్టర్‌కు కావలసిన వాక్యూమ్ అక్కడే పుడుతుంది. డైనమో ఇరుసే ఆ పంపునూ తిప్పుతుంది. పంపు తడి ఆరకుండా ఇంజను నుంచి సన్నని పైపులో ఆయిలు వస్తుంది, లావుపాటి రబ్బరు పైపులో మళ్లీ ఇంజనులోకి దిగిపోతుంది. ఆ ఆయిలు డైనమోలోకి రాకుండా మధ్యలో అడ్డున్నది ఒక చిన్న ఆయిల్ సీలు మాత్రమే.

మీరు రాసిన లక్షణాలను బట్టి ఆ సీలు పోయింది. లోపలికి చేరిన ఆయిలు, డైనమోలో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులను తడిపి చార్జింగ్‌ను పాడు చేస్తోంది, పంపు కూడా అరిగి ఉంటుంది. నూటికి నూరుపాళ్లని ఇక్కడి నుంచి చెప్పలేం. కింద రాసిన పరీక్షలు వరసగా చేస్తే గంటలో తేలిపోతుంది. అది తేలేదాకా లోడుతో, అందులోనూ రాత్రిపూట, సాలూరు దారిలోని సుంకి ఘాటు దిగకండి.

ముందు ఆ లైటు ఎలా వెలుగుతుందో తెలియాలి. తెలిస్తే సగం రోగం లైటే చెబుతుంది. బల్బుకు ఒక కొస తాళం స్విచ్చు నుంచి, అంటే బ్యాటరీ వైపు నుంచి వస్తుంది. రెండో కొస డైనమోకు వెళుతుంది. తాళం తిప్పి ఇంజను స్టార్టు చేయకముందు డైనమో వైపు ఏమీ ఉండదు కాబట్టి కరెంటు బల్బు గుండా అటు పారి లైటు వెలుగుతుంది. ఆ కాస్త కరెంటే డైనమో లోపల తిరిగే భాగాన్ని, అంటే రోటార్‌ను, అయస్కాంతంగా మార్చి పనికి లేపుతుంది. ఇంజను అందుకున్నాక డైనమో కూడా అంతే వోల్టేజి ఇస్తుంది. తాడును రెండు జట్లూ సమాన బలంతో లాగితే కదలనట్టు బల్బులో కరెంటు ఆగి లైటు ఆరిపోతుంది. అంటే ఆ బొమ్మ చూపేది బ్యాటరీ ఆరోగ్యం కాదు, రెండు వైపుల మధ్య తేడా. మసగ్గా వెలిగితే తేడా కొద్దిగానే ఉందని, పూర్తిగా వెలిగితే డైనమో అసలు పనిచేయడం లేదని అర్థం. కొత్త బ్యాటరీ పదిహేను రోజులు బాగుండటంలోనూ వింతేమీ లేదు. షాపులో నిండా చార్జ్ చేసి ఇచ్చారు, ఆ నిల్వ తిన్నన్నాళ్లూ బండి నడిచింది.

ఇక టెర్మినల్ పీకే పరీక్ష. పెట్రోలు బండ్ల కాలం నుంచి వస్తున్న అలవాటు ఇది. పెట్రోలు ఇంజనుకు స్పార్కు కావాలి, కరెంటు పోతే ఆగుతుంది. డీజిలు కొట్టే మెకానికల్ పంపుతో నడిచే పాత డీజిలు ఇంజను ఒకసారి అందుకున్నాక దాదాపు కరెంటు లేకుండానే తిరుగుతుంది. కేబుల్ లాగి ఆపే బండ్లయితే డైనమో ఊడదీసి పక్కన పెట్టినా తిరుగుతూనే ఉంటాయి. కాబట్టి ఇంజను ఆగలేదన్న మాటతో డైనమో గురించి ఏమీ తేలలేదు. పైగా టెర్మినల్ పీకిన క్షణాన డైనమో వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్లను, వోల్టేజిని అదుపులో పెట్టే రెగ్యులేటర్‌ను మాడ్చేయగలదు. కంప్యూటర్‌తో నడిచే సీఆర్‌డీఈ బండికి ఈ పరీక్ష చేస్తే ఈసీయూ, అంటే ఆ కంప్యూటర్, కూడా పోవచ్చు. ఎవరు చేయబోయినా వద్దనండి.

మీకు కావలసినది ఒక డిజిటల్ మల్టీమీటర్. ఎలక్ట్రికల్ సామాను అమ్మే ఏ షాపులోనైనా దొరుకుతుంది. డీసీ 20 వోల్టుల గీత దగ్గర పెట్టుకోండి.

మొదట లైటు సంగతి. తాళం తిప్పండి, స్టార్టు చేయకండి. బ్యాటరీ బొమ్మ గట్టిగా వెలగాలి. వెలగకపోతే బల్బు పోయిందో వైరు తెగిందో చూడాలి. ఇక్కడ ఈ మధ్య ఎక్కువగా కనబడే పొరపాటు ఒకటుంది: మీటరు బోర్డు అందంగా వెలగాలని అన్ని బల్బులూ తీసి ఎల్‌ఈడీలు పెట్టించడం. ఎల్‌ఈడీ గుండా పారే కరెంటు డైనమోను లేపడానికి చాలదు. స్లోలో చార్జింగ్ రాదు, ఒకసారి గట్టిగా రేస్ చేస్తే అప్పుడు అందుకుంటుంది. మీరు అలా మార్పించి ఉంటే చార్జింగ్ లైటు ఒక్కదానికి పాత రకం బల్బు, అదే వాటేజీది, తిరిగి పెట్టించండి.

తర్వాత బెల్టు. ఇంజను ఆపి, రెండు పుల్లీల మధ్య పొడుగ్గా ఉన్న చోట బొటనవేలితో గట్టిగా నొక్కండి. 10 మిల్లీమీటర్ల చుట్టుపక్కల దిగాలి. 20 దిగితే వదులు. అసలు దిగకపోతే అతి బిగువు, అది డైనమో బేరింగునూ వాటర్ పంపు బేరింగునూ తినేస్తుంది. బెల్టును తిప్పి లోపలి అంచులు చూడండి. అద్దంలా మెరుస్తుంటే జారుతోందని గుర్తు. బెల్టు పుల్లీ గాడిలో అడుగుకు తగిలేంత లోతుకు దిగిపోయి ఉంటే అరిగింది, ఎంత బిగించినా పట్టు రాదు. ఆయిలు తడి ఉంటే ఆ బెల్టు మార్చాల్సిందే. కడిగి వాడితే నాలుగు రోజుల్లో మళ్లీ జారుతుంది. వాగు దాటాకో బురదలో ఫోర్ బై ఫోర్ వేసి లాగాకో రెండు మూడు నిమిషాలు లైటు మిణుకుమిణుకుమని తర్వాత ఆగిపోతే అది తడి బెల్టు జారడమే, దానికి కంగారు పడనక్కర్లేదు. కానీ ఆ బురద పుల్లీ గాడిలో ఎండి గరుకు కాగితంలా బెల్టును అరగదీస్తుంది. ఇంటికొచ్చాక నీళ్లతో మామూలుగా కడగండి. వాషింగ్ సెంటర్‌లో ప్రెషరు గన్ను డైనమో మీదకు మాత్రం తిప్పనివ్వకండి.

బెల్టు బాగుంటే మీటరు తీయండి. బండి రాత్రంతా ఆగి ఉన్నాక పొద్దున్నే బ్యాటరీ రెండు కొసల మీద చూస్తే 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 11.9 అంటే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. స్టార్టు చేసి, యాక్సిలరేటర్ కాస్త తొక్కి పట్టి నిమిషానికి 1500 చుట్ల దగ్గర చూడండి. 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. ఇప్పుడు హెడ్‌లైట్లు హై బీములో వేసి, బ్లోయరు, వైపర్లు కూడా ఆన్ చేయండి. 13.5 కంటే పెద్దగా తగ్గకూడదు. 13 లోపుకు దిగితే డైనమో ఇవ్వలేకపోతోంది. 15 దాటితే అది వేరే రోగం: రెగ్యులేటర్ పోయి బ్యాటరీని ఉడికిస్తోంది, నీళ్లు త్వరగా ఇంకిపోతాయి, బల్బులు ఊరికే మాడతాయి.

తక్కువ వచ్చిందని వెంటనే డైనమో విప్పకండి. దారిలో ఎక్కడైనా పోతోందేమో చూడాలి, పదిహేడేళ్లు దాటిన బండిలో ఇది మామూలే. అన్ని లైట్లూ వేసి ఇంజను నడుస్తుండగా మీటరు ఎర్ర వైరు డైనమో వెనకున్న లావు వైరు బోల్టు మీద, అంటే బి ప్లస్ మీద, నల్ల వైరు బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. 0.3 వోల్టులకు మించి చూపిస్తే ఆ వైరులోనో మధ్యనున్న పెద్ద ఫ్యూజులోనో తుప్పు ఉంది. అలాగే ఒక వైరు బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి డైనమో ఒంటి మీద పెడితే 0.2 దాటకూడదు. దాటితే ఇంజను నుంచి ఛాసిస్‌కు వెళ్లే ఎర్త్ పట్టీ విప్పి, రెండు కొసలూ ఇనుము మెరిసేదాకా గీకి, బిగించి, పైన గ్రీజు పూయండి. పైసా ఖర్చు లేదు. లైటు మసగ్గా వెలగడానికి ఈ రెండింటిలో ఒకటే కారణమైన బండ్లు చాలా ఉన్నాయి. వేళ్లు, మీటరు వైర్లు ఫ్యానుకు తగలకుండా జాగ్రత్త. మెడలో తువ్వాలు ఉంటే తీసి పక్కన పెట్టండి.

వైర్లు కూడా బాగున్నాయంటే నేరం డైనమో మీదకే వస్తుంది. మీటరును ఏసీ వోల్టులకు తిప్పి, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద పెట్టి చూడండి. 0.5 దాటితే డయోడు పోయినట్టు లెక్క. తాళం తీసేసినా లైటు సన్నగా వెలుగుతూనే ఉంటే అదీ డయోడు దోషమే. అలాంటి డైనమో రాత్రికి రాత్రి బ్యాటరీని తాగేస్తుంది.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. ఇంజను ఆపి, చల్లారాక, డైనమో వెనక గాలి కన్నాలు టార్చి వేసి చూడండి. మామూలుగా అక్కడ పొడి ఎర్రమట్టి ఉంటుంది. మీ దారి మట్టి ఎలాంటిదో మీకు తెలుసు కదా. అది నల్లగా, జిగురుగా, ఆవకాయ జాడీ మూతకింద పేరుకున్న ముద్దలా ఉంటే సీలు దాటి ఆయిలు వస్తోంది. తెల్ల గుడ్డ పుల్లకు చుట్టి కన్నంలో తిప్పి తీయండి. నల్లటి నూనె తడి అంటితే ఇక సందేహం లేదు. నేల మీద చుక్క పడకపోవడానికి కారణం కూడా అక్కడే కనబడుతుంది. డైనమో ఫ్యాను ఆ ఆయిల్ని తుంపర చేసి ఇంజను బ్లాకు మీద, ఛాసిస్ మీద చల్లుతుంది. దాని మీద దుమ్ము కూర్చుని పొరలు కడుతుంది తప్ప చుక్కలై రాలదు.

ఆయిలు పోయే దారి ఇంకోటి ఉంది, దాన్ని చాలామంది చూడరు. పంపు నుంచి బూస్టర్‌కు వెళ్లే వాక్యూమ్ పైపులో ఒకవైపే గాలి పోనిచ్చే వాల్వు ఒకటి ఉంటుంది. అది పాడైతే ఇంజను ఆపిన వెంటనే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ పంపులోని ఆయిల్ని పైకి పీల్చుకుంటుంది. బూస్టర్ దగ్గర ఆ పైపు ఊడదీసి లోపల వేలు పెట్టండి. పొడిగా ఉండాలి. నూనె తగిలితే వాల్వు మార్చాలి. బూస్టర్‌లో నూనె నిలిచి ఉంటే లోపలి రబ్బరు ఉబ్బిపోతుంది, అప్పుడు బూస్టర్ కూడా విప్పించక తప్పదు.

బ్రేకుకు మీటరు అక్కర్లేదు, కాలు చాలు. ఇంజను ఆపి పెడల్ని ఐదారుసార్లు తొక్కండి, గట్టిపడుతుంది. అలాగే తొక్కి పట్టి స్టార్టు చేయండి. కొన్ని సెకన్లలో పెడల్ మీ కాలి కింద ఇంకాస్త దిగాలి. దిగకపోతే వాక్యూమ్ లేదు. నిమిషం తర్వాత ఎప్పటికో దిగితే పంపు అరిగింది. రెండో పరీక్ష: రెండు నిమిషాలు ఇంజను నడిపి ఆపండి. ఐదు నిమిషాలు ఆగి తొక్కండి. మొదటి తొక్కు మెత్తగా లోతుగా, రెండోది తక్కువగా, మూడోది ఇంకా తక్కువగా ఉండాలి. మొదటిదే రాయిలా ఉంటే వాల్వో పైపో లీకు. రాత్రంతా ఆగిన బండికి తాళం తిప్పకముందు పెడల్ గట్టిగా ఉండటం తప్పు కాదు. స్టార్టు చేశాక కూడా రెండు మూడు తొక్కుళ్లు గట్టిగా ఉండటమే తప్పు.

వర్క్‌షాపులో వాక్యూమ్ గేజి పెట్టి చూస్తే ఒక్క మాట గుర్తు చేయండి. కొరాపుట్ పట్నం సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడే తక్కువ. విశాఖలో పాదరసం 650 మిల్లీమీటర్లు చూపే మంచి పంపు మీ పీఠభూమి మీద 575, 580 చూపిస్తుంది. ఆ తేడాకు పంపు మార్చమంటే ఒప్పుకోకండి.

బాగు చేయించే పని గురించి. డైనమో విప్పేముందు బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీయించండి, ఇంజను ఆగి ఉండగా. ఆయిలు పైపు విప్పినప్పుడు దాని బంజో బోల్టుకు (లోపల ఆయిలు పోయే కన్నమున్న బోల్టు) రెండు వైపులా రాగి వాషర్లు ఉంటాయి, అవి కొత్తవి వేయాలి. పాతవి తిరగేసి వేస్తే అక్కడే కారుతుంది. డైనమో విప్పాక ఆయిలు తాగిన కార్బన్ బ్రష్షులను పెట్రోలుతో కడిగి మళ్లీ పెట్టడం దండగ. కార్బన్ స్పాంజిలాంటిది, లోపల పీల్చుకున్న నూనె వేడికి మళ్లీ బయటికొస్తుంది. కొత్తవి వేయించండి. బ్రష్షు 5 మిల్లీమీటర్ల కంటే పొట్టిగా ఉంటే ఆయిలు లేకపోయినా మార్చాల్సిందే. బ్రష్షులు రాసుకునే స్లిప్ రింగులు సన్నటి ఎమరీ కాగితంతో తుడిస్తే రాగి రంగు తేలాలి. వాటిలో వేలికి తెలిసేంత గాడి పడి ఉంటే రింగులు మార్చాలి. రెండు రింగుల మధ్య రెసిస్టెన్స్ సుమారు 2 నుంచి 5 ఓమ్‌ల మధ్య రావాలి. రింగుకూ రోటార్ ఇనుముకూ మధ్య అసలేమీ రాకూడదు. డయోడ్లు ఒకవైపు 0.5 నుంచి 0.7 చూపించి, తిప్పి పెడితే ఏమీ చూపకూడదు. బేరింగుల్లో గ్రీజు ఆయిలుతో కడుక్కుపోయి ఉంటుంది కాబట్టి విప్పినప్పుడే రెండూ మార్చేయడం తెలివి.

పంపు కిట్‌లో సీలు, ఓ-రింగు (గుండ్రటి రబ్బరు చుట్టు), పంపులో తిరుగుతూ గాలి లాగే బ్లేడ్లు వస్తాయి. బ్లేడ్ల అంచులు పెచ్చులు లేచినా, పంపు డబ్బా లోపలి గోడ మీద గోటికి తగిలే గీతలున్నా కిట్ వేసి లాభం లేదు, పంపు మొత్తం మార్చాలి. బ్లేడుకు ఒక అంచు గుండ్రంగా ఉంటే ఆ అంచు గోడ వైపు రావాలి. తిరగేసి వేస్తే కొద్ది రోజుల్లోనే మళ్లీ వాక్యూమ్ పోతుంది. బిగించేముందు పంపు ఆయిలు రంధ్రంలో చెంచాడు ఇంజను ఆయిలు పోసి చేత్తో రెండు చుట్లు తిప్పాలి. పొడిగా స్టార్టు చేస్తే పైపులోంచి ఆయిలు వచ్చేలోపే కొత్త బ్లేడ్లు గీతలు పడతాయి.

ఇదంతా చక్కగా చేసినా ఆరు నెలలకు మళ్లీ సీలు పోయిన బండ్లు చాలా ఉన్నాయి. దాదాపు అన్నిటికీ కారణం ఆయిలు దిగే ఆ లావుపాటి రబ్బరు పైపు. ఆయిలు ఒత్తిడితో పంపులోకి వస్తుంది, బయటికి మాత్రం తన బరువుతో తానే జారాలి. పైపు ముదిరి లోపల ముడుచుకుపోయినా, ఎక్కడైనా మడత పడినా, పాత ఆయిలు గసి పట్టి సందు తగ్గినా ఆయిలు పంపులోనే నిలిచి, దారిలేక సీలును తోస్తుంది. కొత్త సీలైనా ఎంతకాలం ఆగుతుంది? సీలు మార్చినప్పుడు ఈ పైపు కూడా మార్చి తీరాలి. ఆయిలుకు తట్టుకునే పైపే, పాతదానంత లోపలి వ్యాసంతో, మడత లేకుండా కిందికి వాలుగా ఉండాలి. రేడియేటర్ నీళ్ల పైపు ముక్క కోసి పెట్టేవాళ్లున్నారు, అది వేడి ఆయిలుకు నెలల్లో మెత్తబడి మూసుకుపోతుంది. ఇంజను వైపు కన్నం కూడా గాలి కొట్టించి శుభ్రం చేయించండి.

అనుమానం తీరాలంటే ఆ పైపు కింది కొస ఊడదీసి ఒక డబ్బాలో పెట్టి, ఇంజను వైపు కన్నాన్ని గుడ్డతో మూసి, అర నిమిషం స్లోలో నడపమనండి. నురుగుతో సన్నటి ధార ఆగకుండా పడుతుండాలి. ఆగి ఆగి వస్తే ఇంకా ఎక్కడో అడ్డుంది.

ఇందులో మీ పొరపాటు కూడా కొంత ఉండొచ్చు. ‘తగ్గినప్పుడల్లా పోస్తున్నాను’ అన్నారు గానీ డిప్‌స్టిక్ (ఆయిలు మట్టం చూసే కడ్డీ) చూసి పోస్తున్నానని రాయలేదు. పై గీత దాటి పోస్తే దిగే పైపు కొస ఆయిల్లో మునిగి అదీ అడ్డే అవుతుంది. బండిని సమంగా ఉన్న చోట ఆపి, పది నిమిషాలు ఆగి, ఆ కడ్డీ తుడిచి మళ్లీ పెట్టి చూడండి. రెండు గీతల మధ్య ఉంటే చాలు. అలాగే ఇంజను స్లోలో ఉండగా ఆయిలు పోసే మూత వదులు చేయండి. కొద్దిగా ఊపిరి వచ్చినట్టుంటే మామూలే. గుప్పుగుప్పున పొగ కొడుతూ మూత ఎగురుతుంటే ఇంజను లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు మూసుకుపోయి ఉండాలి, లేదా పిస్టన్ రింగులు అరిగి ఉండాలి. క్రాంక్‌కేసులో (ఇంజను అడుగు డబ్బాలో) ఒత్తిడి ఉంటే ఆయిలు కిందికి దిగదు. ముందు బ్రీదర్ కడగండి, అది ఖర్చులేని పని. రింగులే అయితే మాత్రం నెలకు అర లీటరు ఆయిలు లెక్క పూర్తిగా మారిపోతుంది, అప్పుడు కంప్రెషన్ (సిలిండర్లలో గాలి ఒత్తిడి) చూపించాలి.

ఈలోపు దారిలో లైటు వెలిగితే ఏం చేయాలి? మసగ్గా వెలిగితే అవసరం లేనివన్నీ ఆపండి: బ్లోయరు, పాటలు, ఫోను చార్జరు. రెండు హెడ్‌లైట్లు 110 వాట్లు, అంటే సుమారు 9 ఆంపియర్లు. టెయిల్ లైట్లు, వైపరు, బ్లోయరు కలిపితే 20 నుంచి 25 దాకా పోతుంది. 70 ఆంపియర్ అవర్ బ్యాటరీ సగం నిండి ఉంటే లెక్క ప్రకారం గంటన్నర చుట్టుపక్కలే, పాత బ్యాటరీకి అంతకంటే చాలా ముందే హెడ్‌లైట్లు చింతనిప్పుల్లా ఎర్రబడతాయి. వర్షం పడే రాత్రి పొట్టంగి నుంచి సాలూరుకు ఆ లెక్క సరిపోతుందనుకుని బయలుదేరకండి.

నడుస్తుండగా లైటు ఒక్కసారిగా గట్టిగా వెలిగితే సంగతి వేరు. బెల్టు తెగి ఉండొచ్చు. చార్జింగ్, బ్రేకు వాక్యూమ్ రెండూ ఒకేసారి ఆగాయన్నమాట. ఆ బెల్టే వాటర్ పంపునూ తిప్పుతుంటే కొద్ది నిమిషాల్లో టెంపరేచరు ముల్లు పైకి లేస్తుంది. ఇంజను ఆపి న్యూట్రల్‌లో జారవిడవకండి. బూస్టర్‌లో రెండు మూడు తొక్కుళ్ల నిల్వ ఉంటుంది, ఊరికే పంపు కొట్టినట్టు తొక్కి దాన్ని ఖర్చు చేయకండి. గేరు తగ్గించి సెకండుకు, అవసరమైతే ఫస్టుకు రండి. ఒకే తొక్కుగా, గట్టిగా, పట్టి ఉంచి బండిని కొండవైపుకు ఆపండి. నిల్వ అయిపోయాక కూడా బ్రేకు పడుతుంది, కానీ రెండు కాళ్ల బలం ఒక కాలితో పెట్టాల్సి వస్తుంది. ఫోర్ బై ఫోర్ ఉంది కదా అని తారు రోడ్డు మీద నడుస్తుండగా లో రేంజిలోకి లాగకండి. అది బండి ఆగాక వేసేది, పైగా ఎండిన తారు మలుపుల్లో ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకదాన్నొకటి బిగదీసుకుంటాయి. ఆగాక రాయి పెట్టి, వేడి రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోకండి.

సీటు కింద ఒక కొత్త బెల్టు ఉంచుకోండి. పాత బెల్టు వీపు మీద నంబరు అచ్చు వేసి ఉంటుంది, చెరిగిపోకముందే దాన్ని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. రెండు బెల్టులున్న బండి అయితే ఒకటి తెగినా రెండూ మార్చాలి. దాంతో పాటు 12, 13, 14, 17 నంబర్ల రింగు స్పానర్లు, బిగువు లాగడానికి చిన్న గడ్డపలుగు ముక్క ఉంటే ఘాటు మధ్యలో కూడా అరగంట పని.

ఇదే ఉత్తరం చదువుతున్న స్కార్పియో, థార్ వాళ్లకు: మీ బండిలో వాక్యూమ్ పంపు డైనమో మీదే ఉండాలని లేదు. బూస్టర్ దగ్గర పైపు పట్టుకుని దాని వెంటే వెళ్లండి, ఎక్కడ ఆగితే అక్కడుంది పంపు. అది డైనమో మీద లేకపోతే పైన రాసిన చార్జింగ్ పరీక్షలు పనికొస్తాయి గానీ ఆయిలు కథ మీకు వర్తించదు.

బండి అమ్మే మాటకొస్తే, ఈ రోగంతో అమ్మితే కొనేవాడు లైటు చూసి ధర విరుస్తాడు, మీరు నష్టపోతారు. సీలు, బ్లేడ్లు, బ్రష్షులు, బేరింగులు, పైపు, బెల్టు అన్నీ కలిపినా ఇంజను మొత్తం విప్పి చేయించే పని ఖర్చులో చిన్న భాగమే. పిస్టన్ రింగులు పోయాయని కంప్రెషన్ పరీక్షలో తేలితేనే అమ్మకం గురించి ఆలోచించండి. పని అయ్యాక డైనమో వెనక గాలి కన్నాలు పెట్రోలు గుడ్డతో పొడిగా తుడిపించండి. 500 కిలోమీటర్లు తిరిగాక అదే తెల్ల గుడ్డ పుల్లకు చుట్టి మళ్లీ తిప్పి చూడండి. ఆ రోజు డిప్‌స్టిక్ గీత ఎక్కడుందో తారీఖుతో సహా బానెట్ లోపలి వైపు చాక్‌పీసుతో రాసి పెట్టండి.